పేరు లేని పెంకు

గ్రీకుల గొప్పతనం గురించి ఎవరైనా నా ముందు మొదలుపెడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. రెండున్నర వేల ఏళ్ళ కిందట తమ ఊరి సంతలో వాళ్ళు చేసుకున్న పనిని తీసుకొచ్చి, పజుండౌంగ్ ఏటి పక్కనున్న మా వీధిలో పెట్టింది నేను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. చరిత్ర చదువుతున్నానన్న పొగరు ఒకటి, అంతా నాకే తెలుసన్న నమ్మకం ఒకటి. ఆ రెండూ కలిసి మా ఇంటిని ఏం చేశాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గాని అప్పటికింకా రంగూనే. దేశం తలుపులు బిగించుకుని పాతికేళ్ళు దాటింది. బయటి పుస్తకం రాదు, బయటి మనిషి రాడు, వచ్చినా వారం తిరక్కుండా పంపేస్తారు. మార్చిలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాక యూనివర్సిటీ మూసేశారు. తెరిచారు, మళ్ళీ మూసేశారు. ఇంట్లో కూర్చుని అమ్మతో పాటు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే, మా వీధి చివర ఉండే రిటైరైన మాస్టారు కబురు పెట్టారు. బర్మావాళ్ళు మాస్టారిని సయా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పిన మనిషి. మధ్యాహ్నాలు వచ్చి కూర్చో, ఉన్న చదువు తుప్పు పట్టకుండా ఉంటుంది అన్నారు.

నాతో పాటు నా స్నేహితురాలు కూడా వచ్చేది. బర్మా పిల్ల, ఏటికి అవతల తాకేటాలో ఇల్లు. కిక్కిరిసిన బస్సులో వంతెన దాటి వచ్చేది, వచ్చాక అరగంట దాకా బస్సునే తిట్టేది. మా ఇద్దరికీ సయా గ్రీకుల చరిత్ర ఎత్తుకున్నారు. ఎందుకు గ్రీకులే అని మేమెప్పుడూ అడగలేదు. మన దేశం సంగతి మాట్లాడితే జైలు. నియంతల గురించి నోరు విప్పాలంటే అంత వెనక్కి వెళ్ళాల్సిందే.

ఆయన దగ్గర ఉన్నవల్లా అట్టలూడిన రెండు పుస్తకాలు, చేత్తో గీసిన ఒక పటం. కొండల మధ్య చిన్న చిన్న ఊళ్ళు, ప్రతి ఊరూ ఒక రాజ్యం. ముందు రాజులుండేవారట, తర్వాత పెద్ద కుటుంబాలవాళ్ళు పెత్తనం పుచ్చుకున్నారట. చట్టం అనేది ఆ పెద్దల బుర్రల్లో మాత్రమే ఉండేది, వాళ్ళు ఏది చెబితే అదే చట్టం. మామూలు జనం గొడవపడి దాన్ని చెక్కల మీద రాయించి నలుగురూ చూసేచోట నిలబెట్టించారు. ఈ ముక్క చెప్పేటప్పుడు సయా గొంతు మారేది. "రాసి బయట పెట్టాక దొరవారు మాట మార్చలేరు కదా," అనేవారు. నియంతల సంగతి చెబుతూ మాత్రం నవ్వేవారు. ఆ ఊళ్ళలో చాలాచోట్ల మొదట నియంతని జనమే భుజాల మీద మోసి తెచ్చుకున్నారనీ, దించడానికి తర్వాత నానా తంటాలూ పడ్డారనీ చెప్పేవారు. చెబుతూ కిటికీ వైపు ఒకసారి చూసేవారు.

అలాంటివాడు మళ్ళీ పుట్టకుండా ఏథెన్సువాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏడాదికోసారి పౌరులంతా సంతలో చేరతారు. ఎవడివల్ల ఊరికి ప్రమాదమని తోస్తే వాడి పేరు పగిలిన కుండ పెంకు మీద గీసి, రాసినవైపు కిందికి తిప్పి ఇస్తారు. తగినన్ని పెంకులు పోగైతే, ఎక్కువ పెంకులు ఎవరి మీద పడ్డాయో ఆ మనిషి పదేళ్ళు ఊరొదిలి వెళ్ళాలి. కొట్టరు, చంపరు. ఇల్లూ పొలమూ అతనివే, పెళ్ళాం పిల్లల జోలికి ఎవరూ పోరు. గడువు తీరాక తిరిగొచ్చి మళ్ళీ పౌరుడిగా బతకొచ్చు. నాకది ఎంత నచ్చిందంటే ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తింటూ నాన్నకి మొత్తం అప్పజెప్పాను.

నాన్న వాళ్ళ నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నాన్న ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు, అయినా ఆయన జేబులో ఉన్న కార్డు మీద విదేశీయుడు అని ఉండేది. కొత్త పౌరసత్వ చట్టం వచ్చాక అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తూ ఉన్నాడు. బర్మా అక్షరాలు ఆయన రాసినంత ముచ్చటగా మా వీధిలో బర్మావాళ్ళే రాయలేరు. ఆ చేతిరాత చూసే వార్డు ఆఫీసువాళ్ళు పిలిచి కూర్చోబెట్టారు. ఎవరింట్లోనైనా బయటి మనిషి రాత్రి పడుకుంటే ఆ ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి, అది ఇక్కడి రూలు. ఆ అతిథుల పుస్తకం రాసేది నాన్నే.

గ్రీకుల కథంతా విని నాన్న ఒకటే అడిగాడు. "బయట్నించి ఒచ్చినోల్లకి ఉందేటి ఆ ఓటు?"

నేను మర్నాడు సయాని అడిగాను. ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు. లేదు, అన్నారు. బయటి ఊళ్ళనుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు అక్కడ పన్ను కట్టాలి, యుద్ధం వస్తే నిలబడాలి, ఒక పౌరుడి పూచీ మీద బతకాలి. వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టినా అంతే. భూమి కొనడానికి లేదు, సభలో మాట్లాడటానికి లేదు. ఆడవాళ్ళకీ లేదు, బానిసలకైతే అసలే లేదు. తాకేటా పిల్ల నన్ను మోచేత్తో పొడిచి, "అయితే నువ్వు రెండు విధాలా పోయావు," అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఆయన నవ్వలేదు. "ఎక్కడైనా అంతేలే," అని చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

ఆ వేసవి చివర్లో, ఊరేగింపులు మళ్ళీ మొదలైనప్పుడు, తాకేటా పిల్ల కోసం వాళ్ళింటికి పోలీసులు వెళ్ళారు. తను మా ఇంటికొచ్చి రెండు రోజులు దాక్కుంది. అమ్మ తన చేత్తో చేపల పులుసు వడ్డించింది. ఆ పిల్ల కారం తట్టుకోలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే మూడుసార్లు వేయించుకు తింది. మూడో రోజు గొడవ సద్దుమణిగిందనుకుని ఇంటికి వెళ్ళింది. మా ఇంట్లో ఉన్నట్టు, ఏ బస్సెక్కి వెళ్ళిందో తెలిసినట్టు, వాళ్ళ వీధి మలుపులోనే కాచుకుని పట్టుకుపోయారు. ఎవరో చూసి చెప్పారనుకున్నాను. ఎదురింటివాళ్ళని అనుమానించాను. నెల రోజుల పాటు ఆ ఇంటివాళ్ళు పలకరిస్తే మొహం తిప్పుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఆగస్టులో ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. కాల్పులు జరిగాయి, మా వీధినుంచీ ఇద్దరు పోయారు. ఆ తర్వాత ఉన్నట్టుండి సైనికులు వెనక్కి వెళ్ళిపోయారు. ఆఫీసులు ఖాళీ. పోలీసు లేడు, వార్డు పెద్ద లేడు, ఎవరికి వారే దిక్కు. ప్రతి వీధివాళ్ళూ రెండు చివర్లా వెదురు కంచె కట్టి కాపలా పెట్టుకున్నారు. భిక్షువులూ మాస్టర్లూ కూర్చుని బియ్యం పంచారు, తగవులు తీర్చారు. ఆ నాలుగు వారాల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. పుస్తకంలో చదివిన ఊరు మా వీధిలోకి నడిచొచ్చిందనుకున్నాను.

భయం కూడా దాంతోనే వచ్చింది. వేగులు తిరుగుతున్నారని, మంచినీళ్ళ కుండల్లో విషం కలుపుతున్నారని పుకార్లు. పక్క పేటల్లో అనుమానం వచ్చినవాళ్ళని పట్టుకుని కొడుతున్నారు. ఒకచోట కొట్టి ఆపలేదు. ఆ సంగతి మా వీధికి చేరిన మర్నాడు పొద్దున్నే ముప్పై మంది మా గుమ్మం ముందు నిలబడ్డారు. అతిథుల పుస్తకం రాసినవాడు బయటికి రావాలన్నారు. వాళ్ళలో కర్రలు పట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళంతా నా చిన్నప్పటినుంచీ నన్ను ఎరిగినవాళ్ళే.

నాన్న లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మోకాళ్ళని రెండు చేతులతో చుట్టుకున్నాడు. "ఆల్లు రాయమన్నదే రాసినాను. నాను ఎవల్నీ పట్టియ్యలేదు," అని నాతో అన్నాడు. నమ్మాను. నమ్మకపోవడమనేది నాకు తోచను కూడా లేదు. సయా పరిగెత్తుకొచ్చి గుంపుకి అడ్డం నిలబడ్డారు. నేను ఆయన పక్కకి వెళ్ళి, వీధి వీధంతా వినేలా గ్రీకుల పద్ధతి చెప్పాను. పెంకులు వేద్దాం, అన్నాను. ఎవరి పేరు మీదైనా అరవై పెంకులు పడితే వాళ్ళు పెద్ద నది దాటి అవతలి ఒడ్డునున్న దలా వెళ్ళిపోవాలి, కొత్త ప్రభుత్వం వచ్చేదాకా తిరిగి రాకూడదు. ఒంటి మీద చెయ్యి పడకూడదు, ఇంటిని ముట్టుకోకూడదు. మా నాన్న కూడా దీనికి లోబడతాడు.

సయా నావైపు గర్వంగా చూశారు. గుంపులో సగం మందికి ఈ ఏర్పాటు నచ్చింది, మిగతా సగానికి కర్రలు దించడానికి ఒక కారణం దొరికింది. నేను అక్కడితో ఆగలేదు. ఆ గ్రీకులకంటే మనం మెరుగు కావాలి, ఆడవాళ్ళకీ ఓటుండాలి, కార్డు మీద విదేశీయుడని ఉన్నవాళ్ళకీ ఉండాలి అన్నాను. ఒకరిద్దరు గొణిగారు గాని సయా సరేననిపించారు. అలా మా అమ్మకి జీవితంలో మొదటి ఓటు వచ్చింది. ఇప్పించింది నేనే.

పెంకులకి కరువు లేదు. పజుండౌంగ్ ఏటి గట్టున కుండల పడవలు దిగే చోట పగిలినవి గుట్టలుగా పడుంటాయి. తట్టలతో మోసుకొచ్చి ఇంటింటికీ పంచాం. మా తెలుగువాళ్ళలో పెద్దవాళ్ళు ముట్టుకోడానికి జంకారు. మాలో మనిషి పోయినప్పుడు శ్మశానంలో కుండ పగలగొడతారు కదా, ఆ పెంకు మీద బతికున్నవాడి పేరు రాయడమేమిటని వాళ్ళ బాధ. అమ్మ కూడా మొదట అలాగే అంది. "సచ్చినోడికి సేసే పని బతికున్నోడికి సేయిత్తన్నావే గుంటా," అని, పెంకు మాత్రం తీసుకుని కొంగున ముడేసుకుంది. ఇది శిక్ష కాదమ్మా, ప్రాణం నిలబెట్టే ఏర్పాటు అని నేను పాఠం చెప్పాను. ఆమె నా పాఠాలు చాలా విన్నది.

రెండు రోజుల తర్వాత పొద్దున, మా వీధిలోని బౌద్ధ మఠం ముందున్న వసారాలో బల్ల వేసి వెదురు బుట్ట పెట్టాం. ఒక్కొక్కరే వచ్చి రాసినవైపు కిందికి తిప్పి బుట్టలో వేసి వెళ్ళారు. లెక్క పెట్టడానికి ఐదుగురం కూర్చున్నాం. సయా, మఠం పెద్ద భిక్షువు, సైకిల్ రిక్షా తొక్కే ఒకాయన, బట్టలు కుట్టే ఒకావిడ, నేను. నేను ఉండకూడదని రిక్షా ఆయన గట్టిగానే అన్నాడు. తండ్రి పేరు వచ్చే చోట కూతురేమిటని. అది న్యాయమైన మాట. సయా ఒప్పుకోలేదు. "వీళ్ళ పెద్దవాళ్ళు వాళ్ళ అక్షరాల్లోనే రాస్తారు. అవీ మన అక్షరాలూ రెండూ చదవగలిగేది ఇక్కడ ఈ అమ్మాయి ఒక్కతే. ఈ అమ్మాయి అబద్ధం చదవదు," అన్నారు.

లెక్క మొదలైంది. మొదటి పది పెంకుల్లోనే నాన్న పేరు ఆరుసార్లు వచ్చింది. ఒక్కొక్కటి పైకెత్తి చదువుతుంటే నా చెవులకి అది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేరులా ఉంది. అడిగినవాళ్ళకల్లా ఉచితంగా అర్జీలు రాసిపెట్టిన మనిషి. వర్షాకాలం వీధిలో నీళ్ళు నిలిస్తే తనే పార పట్టుకుని దిగిన మనిషి. ఇంతమందికి ఆయనంటే ఇంత పగ ఉందా అని నాకు వీధి మీద అసహ్యం పుట్టింది. వీధిలో ఓటు హక్కు ఉన్నవాళ్ళంతా కలిసి ఒక ఓటులేనివాడిని తరుముతున్నారనిపించింది. అందరికీ ఓటు ఇప్పించింది నేనేనన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు.

తెలుగులో రాసినవి ఏడెనిమిది వచ్చాయి. సయా వాటిని నాకిచ్చేవారు, నేను చదివేదాన్ని. కొన్ని వార్డు పెద్ద పేరు మీద, రెండు సహకార దుకాణం నడిపినాయన మీద. సగం అయ్యాక ఇంకొకటి నా చేతికొచ్చింది. మేకుతో గీసిన అక్షరాలు, గుండ్రంగా, ఎడం పక్కకి ఒరిగి ఉన్నాయి. అమ్మ చిన్నప్పుడు తెలుగు చర్చివాళ్ళ బడిలో రెండేళ్ళు చదువుకుంది. ఆ ఒరిగిన అక్షరాలతోనే నాకు అ ఆలు దిద్దించింది. పెంకు మీద "పిల్ల తండ్రి" అని ఉంది.

మా అమ్మ నాన్న పేరు ఎప్పుడూ పలకలేదు. మా వాళ్ళలో భార్య భర్త పేరు నోట అనదు. ఆస్పత్రిలో అడిగినా, రేషన్ దగ్గర అడిగినా ఊరుకునేది, పక్కన ఎవరున్నా వాళ్ళు చెప్పాల్సిందే. పలకని పేరుని రాయడానికి కూడా ఆమెకి చెయ్యి రాలేదు. మొగుణ్ణి వీధిలోంచి పంపెయ్యమని ఓటేస్తూ కూడా ఆ మర్యాద తప్పలేదు. వీధిలో పిల్లల తండ్రులు ఎందరో ఉన్నారు. మా ఇంట్లో పిల్లంటే నేనొక్కదాన్నే.

"ఏముంది?" అని సయా అడిగారు.

"పేరు లేదు సయా."

"మరి ఏమిటి రాశారు?"

"దేవుడి మాటేదో. ఎవరో ముసలావిడ రాసుంటుంది."

ఆయన తలూపి చెల్లని పెంకుల కుప్ప చూపించారు. ఖాళీవి, పువ్వు బొమ్మలు వేసినవి, నల్లగా బొగ్గు పూసినవి ఉన్నాయి అందులో. నా చేత్తో దాన్ని వాటి మధ్య పెట్టాను. అప్పుడు లెక్క ఎంతవరకు వస్తుందో నాకు తెలియదు. అమ్మ ఎందుకిలా చేసిందన్న ప్రశ్న ఒకటే నా తలలో ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఏవో మాటలనుకున్నారు, ఆ కసి ఇలా తీర్చుకుంటోందనుకున్నాను. ఆయన ప్రాణం మీదికొచ్చిన రోజున. మా అమ్మ ఇంత కుళ్ళు మనిషా అనిపించింది. అన్ని పెంకులూ చదవడం అయ్యేసరికి నాన్న పేరు మీద యాభై తొమ్మిది ఉన్నాయి.

సయా రెండోసారి లెక్క పెట్టించారు. యాభై తొమ్మిదే. చెల్లని వాటిని ఇంకోసారి చూద్దామని రిక్షా ఆయన అంటే, చూశాం కదా, అన్నారు సయా. బయట నిలబడ్డ జనానికి ఆయనే చెప్పారు. కొందరు ఉమ్మేసి వెళ్ళారు. అయినా మాటకి కట్టుబడ్డారు, మా ఇంటి మీద ఒక్క రాయి కూడా పడలేదు. అది మాత్రం వాళ్ళకి ఇవ్వాల్సిన గౌరవం. నాన్న నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా బిడ్డే నన్ను కాపాడినాది," అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి "ఎన్ని పడ్డాయి?" అని అడిగింది. చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, పొయ్యిలో కట్టె ఎగదోసింది.

సెప్టెంబరులో సైన్యం తిరిగొచ్చింది. రెండు రోజులు తుపాకుల చప్పుడు, మూడో రోజుకి కంచెలన్నీ పీకేశారు. రేడియోలో కవాతు పాటలు. వార్డు ఆఫీసు తలుపులు తీసి, తుడిచి, కొత్త బోర్డు తగిలించారు. నాన్నకి పిలుపొచ్చింది. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు, సాయంత్రం మామూలుగానే వచ్చాడు. అలా నాలుగైదు రోజులు వెళ్ళొచ్చాడు. నేను అడగలేదు. కర్రలతో వచ్చినవాళ్ళే ఇప్పుడు ఆయనకి దణ్ణం పెడుతుంటే నాకు లోలోపల కాస్త తృప్తిగానే ఉంది.

ఒకరోజు పొద్దున పది గంటలకి ట్రక్కు వచ్చింది. సయాని తీసుకెళ్ళారు. రిక్షా ఆయన్నీ, బట్టలు కుట్టే ఆవిడనీ తీసుకెళ్ళారు. భిక్షువు కోసం మఠంలోకి బూట్లతో వెళ్ళారు గాని ఆయన అప్పటికే ఎటో వెళ్ళిపోయాడు. నా కోసం కూడా వస్తారని బట్టలు మూట కట్టుకుని మంచం మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ట్రక్కు వెళ్ళిపోయింది.

సయా ఇంటికి పరిగెత్తాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది. నన్ను సొంత మనవరాలిలా చూసిన మనిషి, నేను వెళ్తే చేతిలో బెల్లం ముక్క పెట్టకుండా ఎప్పుడూ పంపలేదు. "కాగితం చూసి పేర్లు చదివారమ్మా. నాలుగు పేర్లు. ఆ బల్ల దగ్గర ఐదుగురు కూర్చున్నారు," అంది. తలుపు వేసేసింది. వీధిలో వెనక్కి నడుస్తుంటే ప్రతి కిటికీలోంచీ నన్ను చూస్తున్నారు. వాళ్ళందరూ అప్పటికే లెక్క వేసేసుకున్నారు. నాకే ఆలస్యమైంది.

ఇంటికొచ్చేసరికి నాన్న భోజనానికి వచ్చి ఉన్నాడు. ఎదురుగా నిలబడి అడిగాను, ఆ కాగితం రాసింది నువ్వేనా అని. ఆయన ముద్ద మింగి, నీళ్ళు తాగి, చాలా మామూలుగా చెప్పాడు.

"ఆల్లు అడిగినారు. అందరూ సూసిన సంగతే కదా, నాను దాత్తే దాగుతాదేటి? నీ పేరు రాయలేదు. అది సాలదా?"

నేను ఆయనకి దణ్ణం పెట్టాలని చూస్తున్నట్టుంది ఆ మొహం. సయా నీ గుమ్మం ముందు కర్రలకి అడ్డం నిలబడ్డారు నాన్నా, అన్నాను. తెలుసు, అన్నాడు. "మన కార్డులు ఆల్ల టేబిలు మీదున్నాయే. నీకెలాగ తెలుత్తాది." మళ్ళీ అన్నంలోకి వంగాడు. నేనాయన్ని పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, ఆ వంగిన తల ఎవరిదో నాకు తెలియలేదు. ఒక్క పెంకుతో దలా వెళ్ళిపోవాల్సిన మనిషిని అబద్ధం చదివి ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను. ఆయన దానికి నాకిచ్చింది ఇది. ఆ అసహ్యం ఇన్నేళ్ళయినా కొంచెం కూడా తగ్గలేదు.

ఆయన ఆఫీసుకి తిరిగి వెళ్ళాక పెరట్లో అమ్మ కంచాలు తోముతోంది. నేను గడప మీద కూలబడ్డాను. తల ఎత్తకుండానే అడిగింది.

"నాది లెక్కెట్టలేదు కదూ?"

పేరు లేదని తీసేశానని చెప్పాను. దేవుడి మాట అని చదివానని కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"ఆ తాకేటా పిల్ల పేరు మీ నాన్నే రాసినాడే. నా కల్లెదట రాసినాడు. ఎప్పుడొచ్చింది, ఎప్పుడెల్తాది, ఏ బస్సెక్కుతాది. ఆ పిల్ల మనింట్లో నిద్దరోతంది. నాను కాల్లట్టుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే నువ్వు ఆయన్ని నాన్నా అని పిలుత్తావా?" కంచం బోర్లించి పెట్టింది. "దలాలో మా చిన్నాయన ఇల్లుంది. ఆయన్నంపేసి, ఆ ఆపీసు మల్లీ తెరిసేలోగా మనమూ ఎల్లిపోదామనుకున్నాను. గుడ్డలు కూడా సర్దినాను. అక్కడుంటే ఎవలికీ ఏదీ రాసిచ్చే పని ఉండదు కదా అని."

అమ్మ చెంబుతో నీళ్ళు ముంచి కంచాల మీద పోసింది.

"అయితే సయాని పట్టిచ్చింది మీ నాన్న ఒక్కడే కాదు," అంది.

కోపంగా అనలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నువ్వు ముందే చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదని, నన్ను గుడ్డిదాన్ని చేసింది నువ్వేనని అనేదాన్ని. ఇప్పటికీ కొన్ని రోజులు మనసులో ఆ మాట అంటూనే ఉంటాను. ఇద్దరూ నన్ను మోసం చేశారు, ఒకరు చేసి, ఒకరు దాచి. కాని ఆ పెంకు నా చేతికొచ్చినప్పుడు నాకు చదవడం వచ్చు.

సయా జైల్లోనే పోయారని మరుసటేడు తెలిసింది. తాకేటా పిల్ల జైలునుంచి బయటపడి సరిహద్దు అడవుల్లోకి వెళ్ళిందని వాళ్ళమ్మ చెప్పింది, ఆ తర్వాత ఏ కబురూ లేదు. నాన్నకి ఆ ఏడాదే పౌరసత్వం కాగితం వచ్చింది, నా పేరూ అమ్మ పేరూ అందులో ఉన్నాయి. మా వీధిలో నాతో పలికేవాళ్ళు లేకపోయారు. అమ్మ మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, పెళ్ళి సంబంధాలు వెతికింది. చనిపోయేదాకా నాతో ఒక్క కటువు మాట అనలేదు.

కాని ఆమెకి బర్మా అక్షరాలు రావు. ఇండియా నుంచి ఎవరైనా తెలుగులో ఉత్తరం రాస్తే, చత్వారం వచ్చాక అదీ కనపడేది కాదు. అంతకుముందు ఇంటికొచ్చిన కాగితాలు ఆమెకి నేనే చదివిపెట్టేదాన్ని. ఆ రోజు తర్వాత ఏ కాగితం వచ్చినా తీసుకుని వీధిలోకి వెళ్ళేది. మందు సీసా మీద ఎన్ని చెంచాలని ఉందో కూడా, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, పక్కింటివాళ్ళ చేత చదివించుకునేది.